అమ్మ ఫైళ్లు ఎవరికి కనిపించాలి?

అమ్మ మంచాన పడ్డాక ఆమె కాగితాలన్నీ స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లో ఒకే ఫోల్డరులో పెట్టాను. తమ్ముడు, చెల్లి, నర్సు, ఎవరు అడిగితే వారికి అనుమతి ఇస్తూ పోయాను. ఒకరోజు చూస్తే, పని మానేసి 6 నెలలైన నర్సు పేరు ఇంకా అందులోనే ఉంది. మందుల చీటీల పక్కనే అమ్మ బ్యాంకు వివరాలు, వీలునామా ప్రతి! ఆ తప్పు నర్సుది కాదు, నాది. ఆ రాత్రే అంతా మార్చాను.

మనుషులకంటే ముందు కాగితాలను విడదీయండి. నేను మూడు ఫోల్డర్లు చేశాను: మందులు, వైద్య నివేదికలు, డబ్బు-ఆస్తి. వీటిని ఒకదానిలో ఒకటి పెట్టవద్దు, పై ఫోల్డరుకు ఇచ్చిన అనుమతి మామూలుగా లోపలివాటికీ వర్తిస్తుంది. గూగుల్ షీట్స్ పట్టికలో కొన్ని వరుసలను దాచినంత మాత్రాన రక్షణ కాదు. ఫైలును నకలు చేసుకోగలిగినవారు వాటిని తిరిగి తెరవగలరు. గోప్యమైనది వేరే ఫైలులోనే ఉండాలి.

తరువాత గూగుల్ గ్రూప్స్‌లో 'పిల్లలు', 'సంరక్షకులు' అని రెండు గ్రూపులు తెరిచాను. ప్రతి గ్రూపుకూ ఒక ఈమెయిలు చిరునామా ఉంటుంది. ఫోల్డరును ఆ చిరునామాకే షేర్ చేయండి. సంరక్షకులకు మందుల ఫోల్డరు మాత్రమే, అదీ చూసే హక్కుతోనే. మందు వేసిన వేళలు రాసే పట్టిక ఒక్కదానికి మార్చే హక్కు ఇచ్చాను. కొత్త నర్సు వస్తే గ్రూపులో చేర్చడం, వెళ్లిపోతే తీసేయడం, అంతే.

ఇక్కడ చాలామంది పొరబడతారు. గ్రూపులోంచి తీసేసినా, పాత రోజుల్లో ఆ మనిషికి విడిగా ఇచ్చిన అనుమతి అలాగే ఉంటుంది. వాటిని ఒక్కొక్కటిగా తొలగించండి. 'లింకు ఉన్న ఎవరైనా' తెరవగలిగే షేరింగ్ ఎంపికను ఆపేయండి. గ్రూపులో ఎవరికి వారు చేరిపోయే వీలు లేకుండా, ఆహ్వానం ఉంటేనే అని పెట్టండి. మార్చే హక్కు ఉన్నవారు ఇతరులకు అనుమతి ఇవ్వకుండా షేరింగ్ సెట్టింగులో దాని ఎదుట ఉన్న టిక్ గుర్తు తీసేయండి. ఇప్పటికే డౌన్‌లోడ్ చేసుకున్న ప్రతిని మాత్రం ఏ సెట్టింగూ వెనక్కి తేలేదు. అందుకే ఈ పని రేపటికి వాయిదా వేయవద్దని గట్టిగా చెబుతున్నాను.

అన్నీ అమర్చాక అమ్మకు చదివి వినిపించాను. వీలునామా తమ్ముడికి ఇప్పుడే చూపవద్దంది. గ్రూపులో ఒక్కరిని మినహాయించే వీలు డ్రైవ్‌లో లేదు. కాబట్టి వీలునామా ఉన్న డబ్బు-ఆస్తి ఫోల్డరు కోసం చెల్లి, నేను మాత్రమే ఉన్న మూడో గ్రూపు తెరిచి, 'పిల్లలు' గ్రూపుకు ఆ ఫోల్డరుపై ఉన్న అనుమతిని తీసేశాను.