మొదటిసారి క్యాంపింగ్‌కా? సామాను రాత్రి కోసం సర్దండి

మొదటిసారి టెంట్‌లో పడుకోబోయేవాళ్లు సామాను సర్దేటప్పుడు పగటినే ఊహించుకుంటారు. మడత కుర్చీలు, కెమెరా, స్పీకరు, ఆడుకోవడానికి ఏదో ఒకటి. నిజానికి పగలు ఏది మర్చిపోయినా ఎలాగోలా గడిచిపోతుంది. తిప్పలన్నీ పొద్దుగూకాకే మొదలవుతాయి. అందుకే నేను సర్దే పద్ధతి వేరు. సాయంత్రం 6 నుంచి మర్నాడు పొద్దున 6 దాకా ఏ గంటకు ఏం చేస్తుంటానో మనసులో ఒకసారి నడిపించుకుంటాను. ఆ గంటకు కావాల్సిందే ముందు సంచిలోకి వెళ్తుంది. మిగతావి చోటుంటేనే.

ఇక్కడ చెప్పేదంతా బండి ఆపిన చోటికి దగ్గర్లోనే టెంట్ వేసుకునేవాళ్ల గురించి. సామానంతా వీపున మోస్తూ నడిచేవాళ్లకు ప్రతి వంద గ్రాములూ లెక్కే కాబట్టి వాళ్ల సంగతి వేరు.

టెంట్ పెట్టె మీద ‘ఇద్దరికి’ అని రాసుంటే, ఇద్దరు భుజాలు రాసుకుంటూ పడుకోవచ్చని అర్థం. బ్యాగులకు, తడి బూట్లకు అందులో చోటుండదు. ఇద్దరు వెళ్తుంటే ముగ్గురి టెంట్ తీసుకోండి. వాన సంగతి తెలియాలంటే పెట్టె మీదే మిల్లీమీటర్లలో ఇంకో అంకె వెతకండి. ఆ గుడ్డ ఎంత ఎత్తు నీటి ఒత్తిడిని కారకుండా ఆపుతుందో చెప్పే అంకె అది. పైకప్పుకి 1500 మి.మీ. కన్నా తక్కువుంటే గట్టి వానలో నమ్మలేం. నేల గుడ్డకు ఇంకా ఎక్కువుండాలి, ఎందుకంటే తడి నేల మీద మోకాలు ఆనించిన ప్రతిసారీ మన బరువే నీటిని పైకి నొక్కుతుంది.

కొన్నది గానీ అరువు తెచ్చుకున్నది గానీ, బయల్దేరే ముందు ఇంటి దగ్గర ఒకసారి పూర్తిగా వేసి చూడండి. నేను చూడలేదు. సంచి బరువుగానే ఉంది కదా అని అలాగే బండిలో పడేశాను. తీరా అక్కడికెళ్లి గుమ్మరిస్తే గుడ్డ ఉంది, కడ్డీలు ఉన్నాయి, మేకుల సంచి మాత్రం లేదు. టెంట్ ఇచ్చిన స్నేహితుడి ఇంట్లోనే ఉండిపోయిందట. రాళ్లు ఏరుకొచ్చి నాలుగు మూలలా పెట్టాం. అర్ధరాత్రి గాలికి ఒక రాయి దొర్లింది, టెంట్ గోడ వచ్చి నా మొహం మీద పడింది. మిగతా రాత్రంతా ఆ మూలలో నేనే రాయినై కూర్చున్నాను.

కాబట్టి మేకులు లెక్కపెట్టి, పైన ఓ నాలుగైదు ఎక్కువే వేసుకోండి. చిన్న సుత్తి కూడా. రాయితో కొడితే మేకూ వంగుతుంది, వేలూ నలుగుతుంది. మేకును నిటారుగా కాకుండా, తల టెంట్‌కు దూరంగా వాలేలా దాదాపు 45 డిగ్రీల ఏటవాలుగా దిగ్గొట్టాలి. ఇసుకలో మామూలు మేకులు నిలవవు. ఓ చిన్న సంచిలో ఇసుక నింపి, తాడు దానికి కట్టి, లోతుగా పాతిపెడితే కదలదు. కడ్డీ విరిగితే తొడగడానికి చిన్న గొట్టం ముక్క, గుడ్డ చిరిగితే అతికించడానికి గట్టి టేపు, ఓ పది మీటర్ల తాడు ఉంటే మరమ్మతు సామాను పూర్తయినట్టే.

టెంట్ కింద టార్పాలిన్ పరుస్తారు చూడండి, అక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. పెద్దదైతే మంచిదనుకుని టెంట్ అంచులు దాటేలా పరుస్తారు. వాన పడితే బయటికి వచ్చిన ఆ అంచు మీద పడ్డ నీళ్లన్నీ జారి నేరుగా మీ వీపు కిందికి చేరతాయి. పట్టా టెంట్ నేల కంటే అన్ని వైపులా నాలుగు వేళ్లు లోపలికే ఉండాలి. ఎక్కువైతే లోపలికి మడిచేయండి.

టెంట్ ఎక్కడ వేయాలన్నది సామాను సంగతి కాదు గానీ రెండు మాటలు చెప్పక తప్పదు. ఎండిపోయిన వాగులో చదునుగా ఉంది కదా అని వేయకండి. ఎగువన ఎక్కడో కురిసిన వానకు కూడా ఆ వాగు అర్ధరాత్రి పారొచ్చు. టెంట్ వేసే ముందు ఓసారి తలెత్తి చూడండి. ఎండిన కొమ్మ వేలాడుతుంటే ఆ చెట్టు నీడ మనకొద్దు.

చలి కింద నుంచి వస్తుంది

ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే నా మొదటి మూడు ట్రిప్పులు హాయిగా గడిచేవి. కొత్తవాళ్లంతా కప్పుకునేదాని గురించే ఆలోచిస్తారు. మందపాటి స్లీపింగ్ బ్యాగ్ కొంటారు, కింద మాత్రం పల్చటి చాప పరుస్తారు. స్లీపింగ్ బ్యాగ్ వెచ్చగా ఉంచేది దాని పొరల్లో చిక్కుకున్న గాలి. మన బరువు పడిన చోట ఆ గాలంతా నలిగిపోతుంది. ఇక ఆ వైపు మిగిలేది రెండు పొరల గుడ్డే. నేల తాకిన చోటల్లా ఒంట్లో వేడిని పీల్చేస్తుంది. తెల్లవారుజామున 3 గంటలకు మెలకువ వస్తుంది. ఛాతీ వెచ్చగానే ఉంటుంది, తుంటి ఎముక, భుజం మాత్రం మంచుగడ్డ మీద పెట్టినట్టు ఉంటాయి. పక్కకు తిరుగుతారు, ఐదు నిమిషాల్లో ఆ పక్కా అంతే.

గాలి నింపే మామూలు పరుపు మెత్తగా ఉంటుంది గానీ చలిని ఆపదు. లోపలి గాలి అటూ ఇటూ తిరుగుతూ ఒంటి వేడిని నేలకు చేరవేస్తుంది. అందుకే స్లీపింగ్ మ్యాట్ కొనేటప్పుడు మెత్తదనం తర్వాత, ‘ఆర్ వాల్యూ’ ముందు చూడండి. అది చలిని ఎంత బాగా అడ్డుకుంటుందో చెప్పే అంకె. వెచ్చటి రాత్రులకు 2 లోపు సరిపోతుంది. బాగా చల్లటి రాత్రులకు 4, ఆ పైన కావాలి. ఇందులో ఒక సుళువు కూడా ఉంది: రెండు మ్యాట్‌లు ఒకదాని మీద ఒకటి వేస్తే రెండు అంకెలూ కలుస్తాయి. ఫోమ్ మ్యాట్ కింద, గాలి పరుపు పైన వేసుకుంటే చలీ ఆగుతుంది, ముల్లు గుచ్చుకుని గాలి పోతుందన్న బెంగా ఉండదు. డబ్బు తక్కువుంటే బ్యాగ్ దగ్గర తగ్గించుకోండి, మ్యాట్ దగ్గర వద్దు. ఇంట్లో దుప్పట్లు ఎన్నయినా ఉంటాయి, పైన కప్పుకోవచ్చు.

స్లీపింగ్ బ్యాగ్ మీద ఉష్ణోగ్రతలు ఒకటి కాదు, మూడు ఉంటాయి. ఐఎస్ఓ 23537 అనే ప్రమాణం ప్రకారం పరీక్షించి వేసేవి అవి: కంఫర్ట్, లిమిట్, ఎక్‌స్ట్రీమ్. కొనేటప్పుడు చూడాల్సింది కంఫర్ట్ అంకె ఒక్కటే. లిమిట్ అంటే ముడుచుకుని పడుకుంటే ఎలాగో నెగ్గుకురావచ్చని. ఎక్‌స్ట్రీమ్ అంటే నిద్ర సంగతి అటుంచి, ఒళ్లు ప్రమాదకరంగా చల్లబడిపోయే అవకాశం ఉన్నా కొన్ని గంటలు ప్రాణం నిలుస్తుందని. కొన్ని బ్యాగుల మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది ఈ మూడో అంకే. కొండ మీదికి వెళ్తుంటే ఇంకో లెక్క కూడా వేసుకోండి. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. కింద ఊళ్లో ఎంత ఉందో చూసుకుని బయల్దేరితే పైన వణకడమే.

పడుకోవడానికని ఒక జత పొడి బట్టలు, ఒక జత పొడి సాక్సులు విడిగా ప్లాస్టిక్ కవర్లో కట్టి పెట్టుకోండి. పగలు ఎంత అవసరమొచ్చినా ఆ కవరు విప్పొద్దు. నూలు బట్ట చెమటకు తడిస్తే త్వరగా ఆరదు, తడిసినది చలిని ఆపదు. అందుకే ఒంటికి తగిలే బట్టలు ఉన్నివో సింథటిక్‌వో అయితే నయం. చలేస్తోందని బ్యాగ్‌లోకి తల దూర్చి ఊపిరి వదలకండి, ఆ చెమ్మకు లోపలే తడిసిపోతుంది. టెంట్ గాలి రంధ్రాలు మూసేయడమూ అలాంటిదే. తెల్లారేసరికి పైనుంచి బొట్లు బొట్లుగా కారేది వాన అనుకుంటారు, అదంతా మన ఊపిరే.

పొయ్యి టెంట్ లోపలికి రాకూడదు

మిగతా జాగ్రత్తలు తప్పితే ఒక రాత్రి నిద్ర పోతుంది. ఇది తప్పితే మనిషే పోతాడు. గ్యాస్ పొయ్యి గానీ, బొగ్గుల కుంపటి గానీ, ఆరిపోయినట్టే కనిపిస్తున్న నిప్పులు గానీ, ఏవీ టెంట్‌లోకి తేవద్దు. వాన పడుతున్నా, చలి కొరికేస్తున్నా, జిప్పు సగం తీసి ఉంచినా సరే. మంట సరిగా మండనప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, తల తిరగడం మొదలవుతాయి. అలసటేమో అనుకుని పడుకుంటారు. నిద్రలోనే అయిపోతుంది. టెంట్‌లో ఇద్దరికి ఒకేసారి తలనొప్పి వస్తే ఆలోచించకుండా బయటికి వచ్చేయండి, అందరినీ లాక్కు రండి, ఆపైన వైద్య సాయం కోసం ఫోన్ చేయండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం తీసుకెళ్తే మంచిదే. అది ఉంది కదా అని లోపల వెలిగించడానికి మాత్రం వీల్లేదు.

గ్యాస్ డబ్బా ఎంచుకునేటప్పుడు చలిని దృష్టిలో పెట్టుకోండి. ఒట్టి బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. ప్రొపేన్ అయితే మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతుంది. అందుకే చల్లటి చోట్లకు రెండూ కలిసిన డబ్బా కావాలి. బిగించాక అతుకు దగ్గర సబ్బు నీళ్లు రాసి చూడండి, బుడగలొస్తే వెలిగించొద్దు. అగ్గిపెట్టె ఒకటి, లైటరు ఒకటి, రెండూ వేర్వేరు సంచుల్లో పెట్టుకోండి.

తిండి సంగతి క్లుప్తంగా చెప్తాను: మొదటి ట్రిప్‌లో వంట ప్రయోగాలు వద్దు, ఒక్క గిన్నెలో అయ్యేవే చాలు. ఐస్ పెట్టెలో ముక్కల కన్నా పెద్ద గడ్డ ఎక్కువసేపు నిలుస్తుంది. తాగడానికి, వండడానికి మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు వేసుకోండి. వాగు నీళ్లే దిక్కయితే తేర్చి, వడగట్టి, బాగా తెర్లాక ఒక నిమిషం మరగనివ్వండి. 2,000 మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు. రాత్రి తిండి పదార్థాలు, చెత్త, ఆఖరికి టూత్‌పేస్టు కూడా టెంట్‌లో ఉంచుకోవద్దు. వాసనకు వచ్చేది చీమలైతే పర్వాలేదు, ఎప్పుడూ చీమలే రావు.

లైటు విషయంలో నా మాట వినండి. చేతి టార్చి కాదు, తలకు కట్టుకునేది మనిషికొకటి తీసుకెళ్లండి. ఒక చేత్తో టార్చి పట్టుకుని ఇంకో చేత్తో మేకు కొట్టి చూస్తే ఎందుకో అర్థమవుతుంది. వెలుతురు ఉండగానే దాన్ని మెడలో వేసేసుకోండి. బ్యాగ్ అడుగున ఉన్న లైటును వెతకడానికి ఇంకో లైటు కావాలి. ఫోన్ వెలుగుతో సరిపెట్టుకుందాం అనుకోవద్దు, ఆ బ్యాటరీ అత్యవసరానికి. సిగ్నల్ లేనిచోట ఫోన్ టవర్ కోసం వెతుకుతూనే ఉండి త్వరగా ఖాళీ అవుతుంది. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, చలి రాత్రుల్లో పవర్ బ్యాంకుతో సహా స్లీపింగ్ బ్యాగ్‌లోనే పెట్టుకోండి.

రాత్రి లఘుశంకకు లేచినా లైటు వేసుకునే అడుగు పెట్టాలి. బూట్లు టెంట్ లోపలే ఉంచి, దులిపి తొడుక్కోండి. ఒకవేళ పాము కాటేస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం ఏవీ వద్దు. ఉంగరాలు, గడియారం తీసేసి, ఆ చెయ్యో కాలో కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చాలి. మందుల సంచిలో మీరు రోజూ వేసుకునేవి ముందు పెట్టండి. ఆ తర్వాత ఓఆర్ఎస్, అలర్జీ మాత్ర, కట్టు గుడ్డ, పుండు మందు, సన్నటి మొనల పట్టకారు. చర్మానికి పట్టుకున్న పిడుదును దానితో తల దగ్గర పట్టుకుని నిటారుగా లాగేయాలి. కాల్చడం, నూనె పోయడం పనికిరావు. దోమల మందులో డీట్ అనే రసాయనం ఉంటే అది కళ్లద్దాలకు, ప్లాస్టిక్‌కు, సింథటిక్ గుడ్డకు తగలకుండా చూసుకోండి, పాడు చేస్తుంది.

ఉరుములు వినిపిస్తే టెంట్ రక్షణ కాదు. మూసిన కారులోకి వెళ్లి, చివరి ఉరుము వినిపించాక అరగంట దాకా అక్కడే ఉండండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి కాగితం మీద రాసిచ్చి బయల్దేరండి.

తిరిగొచ్చాక ఒళ్లు అలిసిపోయి సంచులు మూలన పడేయాలనిపిస్తుంది. టెంట్‌ను మాత్రం ఆ రోజే తీసి ఆరేయండి. తడిగా మడిచి పెడితే కొద్ది రోజుల్లోనే బూజు పడుతుంది, ఆ వాసన ఎన్నిసార్లు ఉతికినా వదలదు. ఆరేసేటప్పుడే మేకులు ఇంకోసారి లెక్కపెట్టండి.