‘మీ వాడికి ఏడీహెచ్‌డీ ఉందేమో’ అని స్కూల్ వాళ్లంటే ఏం చేయాలి

గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేస్తున్నాను. పిల్లాడు కుదురుగా కూర్చోవట్లేదని టీచర్ ఫిర్యాదు చేస్తే ఆ కాగితం ముందు నా బల్ల మీదకే వస్తుంది. ఆ వెనకాలే తల్లిదండ్రులొస్తారు. చాలామంది అప్పటికే యూట్యూబ్ చూసి, ఇది ఏడీహెచ్‌డీయే (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం, తొందరపాటు ఉండే సమస్య) అని ఒక నిర్ణయానికి వచ్చేసి ఉంటారు. ‘మాత్ర వేస్తే సెట్టయిపోతాడటగా మేడం’ అని కొందరు. ‘మా పిల్లాణ్ణి మత్తుమందులకు అలవాటు చేస్తారా’ అని ఇంకొందరు. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే: మాత్ర గురించి గొడవ తర్వాత పడదాం. ఆ పేరు పెట్టింది ఎవరు, ఎంతసేపు చూసి పెట్టారు, ముందది తేల్చుకోండి.

నేను డాక్టర్ని కాదు. మందు రాయడం, మోతాదు మార్చడం వాళ్ల పని. అక్కడికి మీరు ఖాళీ చేతులతో వెళ్లకుండా చూడటం నా పని.

ముందు ఒక నోట్‌బుక్ కొనండి

అపాయింట్‌మెంట్ రోజు వచ్చేలోపు రెండు వారాలు రాయండి. ‘అల్లరి చేశాడు’, ‘మాట వినలేదు’ అని రాస్తే డాక్టరుకు ఏమీ అర్థం కాదు. రెండో తరగతి పిల్లాడి తల్లి ఒకావిడ తెచ్చిన పేజీ చూడండి:

‘మంగళవారం, సాయంత్రం 6:40. తెలుగు కాపీ రైటింగ్, అయిదు లైన్లు. రెండో లైన్లో పెన్సిల్ ముల్లు విరిగింది. చెక్కుకోడానికి లేచాడు. గోడ మీద బల్లి కనబడితే దాని వెంట బాల్కనీలోకి పోయాడు. పిలిస్తే వచ్చాడు, చేతిలో పెన్సిల్ లేదు. షార్ప్‌నర్ ఫ్రిజ్ మీద దొరికింది. 7:25కి మూడు లైన్లయ్యాయి. టీవీ ఆపేసే ఉంది. నేను పక్కనే కూర్చున్నాను.’

ఆ చివరి రెండు ముక్కలకు చాలా విలువుంది. టీవీ లేదు, పక్కన పెద్దవాళ్లున్నారు, అయినా ఇలా జరిగింది. ఇంట్లో చుట్టాలున్నారా, రాత్రి ఎన్నింటికి పడుకున్నాడు, ఆ రోజు ఏం తిన్నాడు, ఇవీ రాయండి. కుదురుగా ఉన్న గంటలు కూడా రాయాలి. ‘ఫోనిస్తే రెండు గంటలు కదలడు, ఇంక ఏడీహెచ్‌డీ ఏంటి’ అంటారు తాతయ్యలు. నచ్చిన పని మీద ధ్యాస నిలవడం ఈ సమస్య ఉన్నవాళ్లకూ ఉంటుంది. విసుగు పుట్టించే పని మీదకు ధ్యాసను తిప్పి అక్కడే ఉంచడంలోనే వాళ్లకు కష్టం. చాక్లెట్లు మానిపిస్తే తగ్గుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. చక్కెరకూ ఈ అల్లరికీ సంబంధం లేదని 1990ల్లోనే పరీక్షించి తేల్చారు.

నాన్నమ్మ మాటలు కూడా నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. ‘వీళ్ల నాన్నా అంతే, ఒక్కచోట కూర్చునేవాడా’ అని ఆవిడ కొట్టిపారేస్తుంది చూశారూ, అది డాక్టరుకు పనికొచ్చే సమాచారం. ఈ సమస్య వంశంలో గట్టిగా దిగుతుంది.

తర్వాత స్కూల్ వైపు

డాక్టర్లు చూసే డీఎస్ఎం-5 (మానసిక సమస్యలను గుర్తించే నియమాలున్న అమెరికా పుస్తకం, 2013) ప్రకారం ధ్యాస నిలవకపోవడానికి తొమ్మిది లక్షణాలు, అతి చురుకుదనానికి, తొందరపాటుకు కలిపి మరో తొమ్మిది ఉన్నాయి. ఏదో ఒక వైపు కనీసం ఆరు ఉండాలి. ఆరు నెలలకు తగ్గకుండా ఉండాలి. పన్నెండేళ్లలోపే మొదలై ఉండాలి. ఇల్లు, బడి, ట్యూషన్‌లాంటి కనీసం రెండు చోట్ల కనబడాలి. అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకోకుండా వదిలేసే షరతు ఈ చివరిదే. ఒక్క లెక్కల పీరియడ్‌లోనే గొడవైతే ముందు లెక్కల సంగతి చూడాలి.

అందుకే వాండర్‌బిల్ట్ లాంటి ప్రశ్నల ఫామ్ తల్లిదండ్రులకొకటి, టీచర్‌కొకటి ఇస్తారు. క్లాస్ టీచర్ ఒక్కరితో సరిపెట్టుకోకండి. పీఈటీ సారును అడగండి, ట్యూషన్ అక్కను అడగండి. ఆటల పీరియడ్‌లో వరసలో నిలబడగలుగుతున్నాడా? వంతు వచ్చేదాకా ఆగుతున్నాడా? టీచర్‌తో మాట్లాడేటప్పుడు ‘మా వాడి మీద కంప్లయింట్ ఎందుకు చేశారు’ అని మొదలుపెట్టొద్దు. ‘ఏ పీరియడ్‌లో ఎక్కువ, ఏ పీరియడ్‌లో తక్కువ’ అని అడగండి, చాలా చెబుతారు.

వయసు లెక్క తప్పకుండా వేయండి. మన దగ్గర ఒక ఏడాది కలిసొస్తుందని అయిదు నిండీ నిండకుండానే ఒకటో తరగతిలో కూర్చోబెడతారు. అమెరికాలో బడిలో చేర్చుకునే వయసుకు సెప్టెంబర్ 1 గీత పెట్టుకున్న రాష్ట్రాల్లో, ఆగస్టులో పుట్టి క్లాసులో అందరికంటే చిన్నవాళ్లయిన పిల్లలకు, సెప్టెంబర్‌లో పుట్టి అందరికంటే పెద్దవాళ్లయిన పిల్లలకంటే 34 శాతం ఎక్కువగా ఏడీహెచ్‌డీ పేరు పడిందని 2018లో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. పుట్టిన నెలను బట్టి జబ్బు రాదు కదా. పక్క పిల్లాడికంటే పది నెలలు చిన్నవాడు పది నెలలు చిన్నవాడిలాగే ఉంటాడు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, పొద్దున్న స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్ అంటూ పన్నెండు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టే చోట కదిలిన పిల్లాడి సంగతీ అంతే. ముందు ఆ టైమ్‌టేబుల్‌ని చూడాలంటాను నేను.

దీనికి రెండో వైపు కూడా ఉంది. వెనక బెంచీలో కిటికీలోంచి చూస్తూ కూర్చునే ఆడపిల్ల మీద ఎవరూ ఫిర్యాదు చేయరు. ఎవరికీ అడ్డం రాదు, హోంవర్క్ సగం మర్చిపోతుంది, ‘బద్ధకం’ అనే పేరుతో పదో తరగతి దాకా వచ్చేస్తుంది. మీ ఇంట్లో అలాంటి పాప ఉంటే స్కూల్ నుంచి ఫోన్ వచ్చేదాకా ఆగకండి.

ఏడీహెచ్‌డీలా కనబడే వేరే సంగతులు

ఇక్కడ తొందరపడొద్దు. కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. బోర్డు కనబడని పిల్లాడు పక్కవాడి పుస్తకంలోకి తొంగి చూస్తాడు, మాట్లాడతాడు, తిట్లు తింటాడు. తరచూ జలుబు చేసి చెవి లోపల నీరు చేరితే పిలిచినా పలకడు. రాత్రి గురకపెట్టి, నోరు తెరిచి నిద్రపోతుంటే అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ), టాన్సిల్స్ చూపించండి. నిద్ర చాలని పెద్దవాళ్లు తూగుతారు, పిల్లలు గెంతుతారు. రక్తహీనత మన ఇళ్లల్లో ఎంత మామూలో తెలిసిందే. హిమోగ్లోబిన్, ఐరన్, అవసరమనిపిస్తే థైరాయిడ్ కూడా డాక్టర్ చూస్తారు.

మాట మధ్యలో కొన్ని సెకన్లు ఆగిపోయి, కళ్లు నిలబడిపోయి, భుజం తట్టినా తెలియక, మళ్లీ ఏమీ జరగనట్టు మొదలుపెడుతుంటే అది మూర్ఛలో ఒక రకం కావచ్చు. ‘పరధ్యానం’ అని ఏళ్ల తరబడి వదిలేసేది దీన్నే. కుదిరితే ఫోన్‌లో వీడియో తీసి పిల్లల న్యూరాలజిస్టుకు చూపించండి.

ఇంట్లో గొడవలు, ఇటీవలి చావు, ఊరు మారడం, స్కూల్లో ఎవరైనా కొట్టడం, ఇవన్నీ పిల్లల ధ్యాసను తినేస్తాయి. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది, నిజమే. డాక్టరు దగ్గర మాత్రం దాచకండి. ఇక చదవడం, రాయడంలో ప్రత్యేకమైన ఇబ్బంది ఉన్న పిల్లలకు ఏడీహెచ్‌డీ కూడా ఉండటం తరచూ చూస్తాం. ఒకటి దొరికిందని రెండోది వెతకడం ఆపొద్దు.

డాక్టరు దగ్గర

పిల్లల సైకియాట్రిస్టు గానీ, పిల్లల ఎదుగుదల చూసే పీడియాట్రీషియన్ గానీ అయితే మేలు. మీ నోట్‌బుక్ చూడకుండా, స్కూల్ ఫామ్ అడగకుండా, పిల్లాడు కుర్చీలో తిరిగిన తీరు చూసి మొదటి పది నిమిషాల్లోనే చీటీ రాసేస్తే ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రక్తపరీక్షతో గానీ స్కానింగ్‌తో గానీ ఏడీహెచ్‌డీ తేలదు. వేలకు వేలు తీసుకుని బ్రెయిన్ మ్యాపింగ్ రంగుల బొమ్మ చేతిలో పెట్టే చోట్లకు, కళ్లకు గంతలు కట్టి చదివిస్తామనే మిడ్‌బ్రెయిన్ క్లాసులకు నేనైతే రూపాయి పెట్టను.

ఈ పేరు మరీ ఎక్కువగా పెడుతున్నారన్న అనుమానం మందు వ్యతిరేకులది మాత్రమే కాదు. ఏడీహెచ్‌డీ లక్షణాలు కొలవడానికి ప్రపంచమంతా వాడే కానర్స్ స్కేల్ తయారుచేసిన అమెరికన్ సైకాలజిస్టు కీత్ కానర్స్, తన దేశంలో పెరిగిన కేసుల సంఖ్య చూసి 2013లో దాన్ని జాతీయ విపత్తుతో పోల్చారు. అమెరికాలో 2022 సర్వే ప్రకారం 3 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 11.4 శాతానికి ఎప్పుడో ఒకప్పుడు ఈ పేరు పెట్టారు. ప్రపంచవ్యాప్త అంచనా అయిదు శాతం చుట్టూ ఉంటుంది. మన దగ్గర పరిస్థితి వేరు. మూడు స్కూళ్లు మార్చి, దెబ్బలు తిని, ‘మొద్దు’ అనిపించుకున్నాకే పిల్లాడు నా దగ్గరికి వస్తాడు. అమెరికా భయాన్ని అలాగే వాట్సాప్‌లో దిగుమతి చేసుకుంటే నష్టపోయేది ఆ పిల్లాడే.

మందు వేయాలా, వద్దా

ఆరేళ్లలోపు అయితే ముందు తల్లిదండ్రులకే శిక్షణ. ఒకసారికి ఒకే పని చెప్పడం, చేసిన వెంటనే మెచ్చుకోవడం, చూసీచూడనట్టు వదిలేయాల్సినవి వదిలేయడం. ఆరు దాటి, సమస్య చదువునూ స్నేహాలనూ పాడుచేస్తుంటే మందు గురించి మాట్లాడొచ్చు. ఎక్కువగా రాసేది మిథైల్‌ఫెనిడేట్. 1944లో తయారైన పాత మందు. అది సరిపడకపోతే అటోమాక్సెటిన్.

రెండు వాదనలకూ ఆధారం ఒక్క అధ్యయనంలోనే దొరుకుతుంది. ఎంటీఏ అని అమెరికాలో 579 మంది పిల్లలతో 14 నెలలు చేశారు, ఫలితాలు 1999లో వచ్చాయి. మోతాదు జాగ్రత్తగా చూసుకుంటూ మందు వాడిన పిల్లలకు, ప్రవర్తనా శిక్షణ మాత్రమే పొందిన పిల్లలకంటే లక్షణాలు బాగా తగ్గాయి. మందు కావాలనేవాళ్లు ఇక్కడ ఆగిపోతారు. మూడేళ్లకు చూస్తే గుంపుల మధ్య ఆ తేడా లేదు. వద్దనేవాళ్లు ఇది ఒక్కటే పట్టుకుంటారు. 14 నెలలయ్యాక ఎవరికి తోచిన వైద్యం వాళ్లు చేయించుకున్నారని మాత్రం ఇద్దరూ చెప్పరు. ఏళ్ల తరబడి వదలకుండా మందు వాడినవాళ్లు పెద్దయ్యాక, తక్కువ వాడినవాళ్లకంటే సగటున రెండు సెంటీమీటర్ల పైచిలుకు పొట్టిగా ఉన్నారన్నదీ అందులోదే.

మార్కులు పెరుగుతాయని మాత్రం మందు మొదలుపెట్టొద్దు. 2022లో ఫ్లోరిడాలో 173 మంది పిల్లలతో చేసిన పరిశోధనలో, మందు వేసుకున్న రోజుల్లో లెక్కలు గబగబా చేశారు, క్లాసులో బుద్ధిగా ఉన్నారు. కొత్తగా నేర్పిన పాఠం వంటబట్టడంలో మాత్రం తేడా లేదు. అందుకే మొదలుపెట్టే ముందే మీకు ఏ మూడు మార్పులు కావాలో కాగితం మీద రాసుకోండి. ‘రోడ్డు మీదకు చేయి విడిపించుకుని పరిగెత్తకపోవడం’ లాంటివి.

మొదలుపెట్టాక

టిఫిన్ తిన్నాకే మాత్ర. మామూలు రకం మూడు నాలుగు గంటలు పనిచేస్తుంది. ఆ సమయంలో ఆకలి చచ్చిపోతుంది కాబట్టి లంచ్ బాక్స్ నిండుగా తిరిగొస్తే తిట్టకండి. పొద్దున్న రెండిడ్లీలకు తోడు గుడ్డు పెట్టండి, సాయంత్రం స్కూల్ నుంచి రాగానే పెసరట్టో, వేరుశనక్కాయలో, రాత్రి పడుకోబోయే ముందు పాలో. మందు ప్రభావం తగ్గేవేళ చిరాకు పడొచ్చు. రెండో మాత్ర సాయంత్రం వేస్తే నిద్ర పాడవుతుంది, టైము డాక్టర్‌నే అడగండి. బరువు మూడు నెలలకోసారి, ఎత్తు, బీపీ, నాడి ఆరు నెలలకోసారి రాసిపెట్టుకోండి. కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో గుండె ఆగి పోయి ఉంటే మొదటిరోజే చెప్పాలి. అటోమాక్సెటిన్ పనితీరు తెలియడానికి నెలకు పైనే పడుతుంది. దిగులు, చావు మాటలు లాంటివి కనబడితే ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. పిల్లాడు బొమ్మలా ముడుచుకుపోయి, నవ్వడం మానేస్తే అది ‘బుద్ధిమంతుడయ్యాడు’ కాదు. మోతాదు ఎక్కువై ఉండొచ్చు, చెప్పండి. ఏడాదికోసారి ‘ఇంకా అవసరమా’ అని అడగడం మీ హక్కు.

మిథైల్‌ఫెనిడేట్ ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల నియంత్రణ చట్టం) కింద ఉన్న మందు, ప్రతి మెడికల్ షాపులో ఉండదు. పది మాత్రలు మిగిలుండగానే వెతకడం మొదలుపెట్టండి, చీటీ జిరాక్సు దాచుకోండి. డాలస్ నుంచో, న్యూజెర్సీ నుంచో సెలవులకు వచ్చేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, అక్కడ ఏడీహెచ్‌డీకి రాసే అడరాల్ అనే మందు ఇండియాలో దొరకదు. ప్రయాణానికి ముందే అక్కడి డాక్టరుతో మాట్లాడుకోవాలి.

పరీక్షల్లో అదనపు సమయం కావాలంటే ఇంకో చిక్కు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో చదవడం, రాయడంలోని ప్రత్యేక ఇబ్బందులు ఉన్నాయి, ఏడీహెచ్‌డీ లేదు. అందుకే ఆ చదువు ఇబ్బందుల పరీక్ష విడిగా చేయించి సర్టిఫికెట్ తీసుకోవాలి. పదో తరగతి దాకా ఆగకుండా ఏడు, ఎనిమిదిలోనే చేయించండి.

ప్రైవేటు ఫీజులు పెట్టలేకపోతే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, బోయిన్‌పల్లిలో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ, విశాఖలో చినవాల్తేరు మానసిక ఆస్పత్రి ఉన్నాయి. జిల్లాల్లో ప్రభుత్వ ఆస్పత్రిలోని డీఈఐసీని (పిల్లల ఎదుగుదల సమస్యలను ముందే గుర్తించే కేంద్రం), సైకియాట్రీ ఓపీని అడగండి. రాత్రి పన్నెండింటికి టెన్షన్ ఆగకపోతే 14416కి చేయండి. టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ తీసుకోరు.