ఈత పోటీల సీజన్: కాలేజీ టీమ్ నీళ్లలో దిగేముందు

మా శ్రీకాకుళంలో కాలేజీ ఈత టీమ్‌కి సెలక్షన్లు జరిగేది వానల్లో, పోటీలు పడేది తుఫానుల నెలల్లో. అటు సెమిస్టరు పరీక్షలు, ఇటు దసరా సెలవులు, మధ్యలో జ్వరాలు. ఇన్నిటి మధ్య పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల పిల్లలు తెల్లారి ఐదున్నరకల్లా పూల్ గేటు దగ్గర ఉంటారు. ఒక డిగ్రీ కాలేజీ టీమ్ వెంట మేనేజరుగా కొన్ని సీజన్లు తిరిగినదాన్ని. ఈసారి టీమ్‌లోకి వచ్చిన పిల్లలకీ, వాళ్ల అమ్మానాన్నలకీ, వెంట వెళ్లే పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్లకీ ముందే చెప్పుకోవాల్సినవి రాస్తున్నాను.

ఈత రాని పిల్లల గురించి నాకు అంత బెంగ లేదు. వాళ్లు నీళ్లంటే భయపడి గట్టు మీదే ఉంటారు. బాగా ఈదే పిల్లల గురించే నా బెంగంతా. "నాకు ఈత వచ్చు కదా మేడం" అంటారు చూడండి, నేను చూసిన ప్రమాదాలన్నీ ఆ మాట వెనకే వచ్చాయి.

ముందు డాక్టరు దగ్గరికి

సీజన్ మొదలవక ముందే ఒకసారి డాక్టరుకి చూపించుకోవాలి. ఉబ్బసం, మూర్ఛ, గుండె జబ్బు, ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోవడం, చెవి కారడం, వీటిలో ఏది ఉన్నా దాచొద్దు. చెబితే టీమ్‌లోంచి తీసేస్తారని పిల్లలు దాస్తారు, పెళ్లి సంబంధాల దగ్గర మాట వస్తుందని తల్లిదండ్రులు దాస్తారు. నేల మీద మూర్ఛ వస్తే పక్కనున్నవాళ్లు పట్టుకుంటారు. నీళ్లలో వస్తే అది ఎవరికైనా తెలిసేలోపే మనిషి మునిగిపోతాడు. కోచ్‌కి తెలిస్తే ఏ లేన్‌లో దింపాలో, పక్కన ఎవరిని ఉంచాలో చూసుకుంటారు.

వానాకాలం జ్వరాల సంగతి మనకి కొత్త కాదు. మలేరియా, డెంగీ, టైఫాయిడ్ ఏదో ఒకటి టీమ్‌లో ఒకరిద్దరిని పట్టుకుంటుంది. జ్వరం తగ్గిన మర్నాడే నీళ్లలోకి దిగొద్దు. డాక్టరు సరే అన్నాకే, అదీ మొదటి వారం సగం దూరంతోనే.

ఊపిరి బిగబట్టే పందేలు వద్దు

ఈ ఒక్క విషయం నిదానంగా చదవండి.

నాలుగేళ్ల కిందట ఒక సాయంత్రం ప్రాక్టీసు అయిపోయింది. కోచ్ గారు స్టాప్‌వాచ్ జేబులో వేసుకుని గేటు దాకా వెళ్లారు. నీళ్ల అడుగున ఎవరు ఎక్కువ దూరం పోతారో చూద్దామని ముగ్గురబ్బాయిలు పందెం వేసుకున్నారు. మా టీమ్‌లో అందరికంటే వేగంగా ఈదే అబ్బాయి గబగబా పదిసార్లు ఊపిరి పీల్చి, వదిలి, మునిగాడు. రెండో ల్యాప్ సగంలో ఆగిపోయాడు. చేతులు కొట్టుకోలేదు, పైకి రావడానికి ప్రయత్నించలేదు. ఊరికే ఆడుతున్నాడని మిగతా ఇద్దరూ అనుకున్నారు. గట్టు మీద తువ్వాలు పిండుకుంటున్న జూనియర్ అమ్మాయి "అన్నయ్య కదలట్లేదు" అని అరిచింది కాబట్టి బతికాడు. పైకి లాగేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. నోట్లోకి రెండుసార్లు ఊపిరి ఊదాక దగ్గి కళ్లు తెరిచాడు.

అలా ఎందుకు జరుగుతుందంటే, మనకి ఊపిరి తీసుకోవాలనిపించేది ముఖ్యంగా ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకు, ఆక్సిజన్ తగ్గినందుకు కాదు. మునిగేముందు గబగబా ఊపిరి తీసి వదిలితే కార్బన్ డయాక్సైడ్ చాలావరకు బయటికి పోతుంది. ఆక్సిజన్ మాత్రం అంతకంటే పెద్దగా చేరదు. ఇక నీళ్లలో చాలాసేపు ఊపిరాడని బాధ తెలియదు. అది తెలిసేలోపే మెదడుకి ఆక్సిజన్ చాలక స్పృహ తప్పుతుంది. ఎంత బలంగా ఉన్నవాడైనా అంతే. నిజానికి బలంగా, పట్టుదలగా ఉన్నవాళ్లకే ఈ ప్రమాదం ఎక్కువ.

పోటీ కోసం కూడా దీని అవసరం లేదు. ఫ్రీస్టైల్, బ్యాక్‌స్ట్రోక్, బటర్‌ఫ్లైలలో స్టార్ట్ తర్వాతా, ప్రతి టర్న్ తర్వాతా 15 మీటర్లలోపు తల పైకి రావాల్సిందే. అంతకంటే దూరం అడుగునే పోతే డిస్‌క్వాలిఫై చేస్తారు. ఆ 15 మీటర్లు రెండు కాళ్లూ కలిపి కొట్టే డాల్ఫిన్ కిక్ కూడా కోచ్ గట్టు మీద నిలబడి చూస్తుండగా, మధ్యలో తగినంత విరామం ఇచ్చుకుంటూ చెయ్యండి. కోచ్ వెనక్కి తిరిగితే అందరూ నీళ్లలోంచి బయటికి రావాలి. మా టీమ్‌లో ఆ సాయంత్రం నుంచి ఇదే పద్ధతి.

లోతు తెలియని చోట డైవ్ వద్దు

స్టార్టింగ్ బ్లాకులు (డైవ్ చేసే దిమ్మెలు) ఉన్న పూల్‌లో, గోడ నుంచి 1 మీటరు దగ్గర మొదలుపెట్టి కనీసం 6 మీటర్ల దాకా, నీళ్లు 1.35 మీటర్ల లోతుకి తగ్గకూడదని అంతర్జాతీయ నియమం. అది కనీసం మాత్రమే. కొత్తగా డైవ్ నేర్చుకునేవాళ్లకి ఇంకా లోతు ఉంటేనే మంచిది. మన ఊళ్లలో చిన్న పూల్స్‌కి ఒక వైపు నడుం లోతే ఉంటుంది. అటు నుంచి స్టార్ట్ ప్రాక్టీసు చెయ్యొద్దు, నీళ్లలో నిలబడి గోడని తన్ని మొదలుపెట్టండి. వేరే ఊరి పూల్‌కి వెళ్తే ముందు కాళ్లతో దిగి లోతు చూసుకోండి.

ఎవరికైనా తల అడుగున తగిలిందని అనుమానం వస్తే గబుక్కున చేతులు పట్టి పైకి లాగకండి. నీళ్ల మీదే వెల్లకిలా తేలేటట్టు పట్టుకుని, తల, మెడ, వీపు ఒకే వరసలో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేయించండి. ఊపిరి ఆడకపోతే మాత్రం బయటికి తీయడమే ముందు.

పిడుగు, తుఫాను, ఏరు

హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న వచ్చింది. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున మన ఉద్దానం కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసింది. గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. మూడూ ప్రాక్టీసు జోరుగా సాగే రోజులే. కాబట్టి టీమ్ టైమ్‌టేబుల్ వేసేటప్పుడే వారం పది రోజులు పోతాయని లెక్క వేసుకోవాలి. లేకపోతే పోయిన రోజుల్ని అందుకోవాలని పిల్లలు తొందరపడతారు, ఆ తొందరలోనే తప్పులు జరుగుతాయి.

ఉరుము వినబడితే వెంటనే నీళ్లలోంచి బయటికి, పూల్ గట్టు మీది నుంచి కూడా పక్కా భవనంలోకి. ఆఖరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగాలి. మధ్యలో ఇంకోటి వినబడితే మళ్లీ మొదటి నుంచి లెక్క. దామిని యాప్ ఫోన్లో పెట్టుకుంటే దగ్గర్లో పిడుగు పడే సూచన ముందే తెలుస్తుంది. రేకుల షెడ్డు కింద, చెట్టు కింద నిలబడొద్దు.

తుఫాను వెళ్లిపోయాక ఎండ కాస్తుంది, పిల్లలు పూల్‌కి పరిగెత్తుతారు. కరెంటు లేక రెండు మూడు రోజులు ఫిల్టరు తిరగదు, వాననీళ్లు కలిసి క్లోరిన్ పలచబడుతుంది, ఆకులూ మట్టీ చేరతాయి. గట్టు మీద నిలబడి చూస్తే లోతు వైపు అడుగున గీతలు స్పష్టంగా కనబడాలి. కనబడకపోతే దిగొద్దు. అలాంటి నీళ్లలో జబ్బులు ఉండటం ఒకటైతే, ఎవరైనా మునిగితే పైనుంచి కనబడకపోవడం ఇంకొకటి. మామూలు రోజుల్లో క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉందో లేదో పూల్ వాళ్లని అడగండి. అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడకండి.

పూల్ మూతపడ్డ ఆ రోజుల్లోనే ఒక మాట పుడుతుంది: "పోటీ దగ్గర పడింది, ఏటికి పోయి ప్రాక్టీసు చేద్దాం."

దయచేసి ఆ పని చెయ్యకండి. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి మన దగ్గరికి వస్తాయి. శ్రీకాకుళంలో చుక్క వాన లేకపోయినా అక్కడ కురిసిన వానకి ఇక్కడ ఏరు పొంగుతుంది. తోటపల్లిలోనో, మడ్డువలసలోనో, వంశధార మీద గొట్టా బ్యారేజీలోనో గేట్లు ఎత్తితే పొద్దున్న మోకాలి లోతున్న చోట సాయంత్రానికి మనిషి లోతు నీళ్లుంటాయి. ఇసుక తవ్వేసిన గోతులు పైనుంచి కనబడవు. అడుగు వేసేదాకా నేల ఉంటుంది, ఆ తర్వాత ఉండదు. పూల్‌లో మీ ఈత అంతా గోడల మధ్య, లేన్ తాళ్ల మధ్య, అడుగున గీత చూసుకుంటూ నేర్చుకున్నది. ఏటిలో పట్టుకోవడానికి గోడ ఉండదు, కళ్లకి గీత కనబడదు, ప్రవాహం ఒక్క క్షణం ఆగదు. వంద మీటర్లు ఎంత వేగంగా ఈదినా ఆ అలవాటు అక్కడ పనికిరాదు.

నాలుగు రోజులు ఈత మానితే టైమింగ్ పోదు. ఇంట్లోనే ప్లాంక్, స్క్వాట్, భుజాలకి రబ్బరు బ్యాండుతో వ్యాయామం చేసుకోండి. స్టార్ట్‌కి కావాల్సిన కాళ్ల బలం నేల మీద కూడా వస్తుంది.

ఎవరైనా మునిగిపోతుంటే, వాళ్ల వెనక దూకడం చివరి మాట. కర్ర అందించండి, చీరో లుంగీయో విసరండి, మూత బిగించిన ఖాళీ ఇరవై లీటర్ల నీళ్ల క్యాను విసిరినా మనిషిని తేలుస్తుంది. బయటికి తీశాక నీళ్లు కక్కించాలని పొట్ట నొక్కడం, తలకిందులు చేసి తిప్పడం మన ఊళ్లలో ఇంకా చేస్తున్నారు. దానివల్ల విలువైన నిమిషాలు పోతాయి, కక్కినది ఊపిరితిత్తుల్లోకి పోతుంది కూడా. ఊపిరి లేకపోతే ముందు నోటి ద్వారా ఊపిరి ఇవ్వాలి, తర్వాత ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లు దిగేలా నొక్కాలి. 30 నొక్కులకి 2 ఊపిర్లు, 108 వచ్చేదాకా. సీజన్‌కి ముందు టీమ్ మొత్తానికి ఒక పూట ఇది నేర్పించండి. కోలుకుని లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోతే కొన్ని గంటల తర్వాత కూడా ఆయాసం రావచ్చు.

భుజాలు, చెవులు, తిండి

సెలక్షన్ వచ్చిన ఉత్సాహంలో ఒక్కసారిగా దూరం రెట్టింపు చేస్తే ముందు దెబ్బతినేది భుజం. వారం వారం కొద్దికొద్దిగా పెంచండి. ఈదాక కండరాలు లాగినట్టుండే నొప్పి మామూలే. చెయ్యి తలపైకి ఎత్తేటప్పుడు గుచ్చినట్టు నొప్పి వస్తే మామూలు కాదు. నొప్పి మాత్ర వేసుకుని ఈదేస్తే ఆ సీజన్ అంతటితో పోతుంది. పోటీకి ముందు వారం దూరం తగ్గించి ఒంటికి విశ్రాంతి ఇవ్వమని కోచ్ అంటే నమ్మండి.

ఈత అయ్యాక తల అటూ ఇటూ వంచి చెవుల్లో నీళ్లు కారనిచ్చి, తువ్వాలుతో పైపైన తుడుచుకోండి. ఇయర్‌బడ్స్, పిన్నీసులు, అగ్గిపుల్లలు చెవిలో పెట్టొద్దు. పూల్‌లో దిగేముందు సబ్బుతో స్నానం చెయ్యాలి. కళ్లు మండేది, ఘాటు వాసన వచ్చేది క్లోరిన్ ఎక్కువైనందుకని అందరూ అనుకుంటారు. చాలాసార్లు అది చెమటా మూత్రం క్లోరిన్‌తో కలిసినందువల్ల.

తెల్లారి ఖాళీ కడుపుతో దిగొద్దు, ఒక అరటిపండు చాలు. అయ్యాక ఇడ్లీ, గుడ్డు, చోడి (రాగి) అంబలి ఏదైనా గంటలోపు తినండి. నీళ్లలో ఉన్నా చెమట పడుతుంది, తెలియదంతే. గట్టు మీద మీ సీసా ఉండాలి.

ఆడపిల్లలకి ఒక మాట. నెలసరి రోజుల్లో ఈదొచ్చు. టాంపూన్, మెన్‌స్ట్రువల్ కప్ అలవాటున్నవాళ్లకి ఇబ్బంది ఉండదు. అలవాటు లేకపోతే పోటీ రోజున మొదటిసారి ప్రయత్నించొద్దు. నొప్పి ఎక్కువగా ఉంటే ఆ రోజు మానేస్తానని చెప్పే హక్కు మీకుంది, కారణం నలుగురిలో చెప్పక్కర్లేదు. అందుకే ఆడపిల్లలున్న టీమ్ వెంట మహిళా మేనేజరు తప్పనిసరిగా ఉండాలని నేను ప్రతి ఏడాదీ అడుగుతుంటాను. ఊరు దాటి వెళ్తుంటే మీ అమ్మాయి వెంట ఎవరు వస్తున్నారో, రాత్రి ఎక్కడ ఉంటారో తల్లిదండ్రులు అడిగి తెలుసుకోండి. కాలేజీ వాళ్లు దాన్ని తప్పుపట్టకూడదు.

పోటీ రోజు

జలుబు చేసిందని మెడికల్ షాపులో ఏదో మాత్ర కొని వేసుకోవద్దు. కొన్ని జలుబు మందుల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ మోతాదు మించితే డోపింగ్ కిందికి వస్తుంది. జిమ్‌లో ఎవరో ఇచ్చిన పౌడరు అసలే వద్దు. ఉబ్బసానికి ఇన్‌హేలర్ వాడేవాళ్లు డాక్టరు చీటీ దగ్గర పెట్టుకోండి.

వార్మప్ పూల్‌లో జనం కిక్కిరిసి ఉంటారు. కాళ్లతో దిగండి, లేన్‌లో ఒక వైపు నుంచి వెళ్లి ఇంకో వైపు నుంచి రండి. అక్కడ తలలు ఢీకొని రేసుకి ముందే కుట్లు పడినవాళ్లని చూశాను. వెల్లకిలా ఈదే బ్యాక్‌స్ట్రోక్ పిల్లలు పూల్ మీద అడ్డంగా కట్టిన జెండాల దగ్గర నుంచి గోడకి ఎన్ని స్ట్రోకులో అక్కడే లెక్క చూసుకోండి. జెండాలు గోడకి 5 మీటర్ల దూరంలో ఉంటాయి. 25 మీటర్ల పూల్‌లో నేర్చుకుని 50 మీటర్ల పూల్‌లో దిగితే మధ్యలో గోడ తోడు ఉండదు, మొదటి సగం బలం దాచుకుని ఈదండి. "టేక్ యువర్ మార్క్స్" అన్నాక స్టార్ట్ సిగ్నల్ వచ్చేదాకా కదలకండి, ఫాల్స్ స్టార్ట్‌కి రెండో అవకాశం లేదు. టెన్షన్‌గా ఉంటే ఊపిరి నెమ్మదిగా వదలండి, గబగబా తీయకండి. కారణం పైన చెప్పాను.

ఇక తిరుగు ప్రయాణం. పోటీలు అయిపోయాయి, మెడలో పతకం ఉంది, నెలల తరబడి బిగబట్టుకున్న క్రమశిక్షణ ఒక్కసారి వదులవుతుంది. దారిలో సముద్రం కనబడుతుంది. "ఒక్క పది నిమిషాలు మేడం" అంటారు. విశాఖ బీచ్ అయినా, మన కళింగపట్నం, బారువ అయినా నా జవాబు ఒక్కటే: ఇసుక దాకా సరే, నీళ్లలోకి కాదు. ఆ వేళకి ఒళ్లు అలసిపోయి ఉంటుంది, కెరటం వెనక్కి లాగేటప్పుడు ఎంత గజ ఈతగాడైనా నిలవలేడు. బస్సు ఎక్కేటప్పుడు తలలు లెక్కపెడతాను, దిగేటప్పుడు లెక్కపెడతాను. ఆమదాలవలస స్టేషనులో రాత్రి ఏ వేళకి దిగినా, ఆఖరి పిల్ల ఇంటికి చేరి ఫోన్ చేసేదాకా ఆ జాబితా కాగితం నా చేతిలోనే ఉంటుంది.