సొంతూరి బడికి ఏదైనా కట్టించాలనుకునేవాళ్లకు

ఏటా దసరాకు ఊరికొచ్చినవాళ్లలో ఒకరిద్దరు జమ్మి చేతిలో పెట్టి, "అన్నా, మన బడికి ఏమన్న చేద్దామనుకుంటున్న, ఎట్ల మొదలుపెట్టాలె?" అని అడుగుతారు. నన్నే అడగడానికి కారణం ఉంది. కాలువలు, వంతెనలు కట్టే కంపెనీలో సైట్ ఇంజినీరుగా చేరి ప్రాజెక్టు మేనేజర్‌గా దిగిపోయాను. 2019 ఎన్నికల్లో ఇప్పటి హనుమకొండ జిల్లాలోని మా ఊరికి సర్పంచ్‌నయ్యాను. పదవి దిగాక కూడబెట్టినదాంట్లోంచి కొంత బడులకు పెడుతున్నాను. బిల్లు పెట్టినవాణ్ని, బిల్లు మీద సంతకం పెట్టినవాణ్ని, ఇప్పుడు జేబులోంచి తీస్తున్నవాణ్ని. కాబట్టి అడిగినవాళ్లందరికీ చెప్పేది ఇక్కడ రాస్తున్నాను.

ముందు, ఏం కట్టాలో ఇంట్లో కూర్చుని తేల్చుకోకండి. చాలామందికి నాన్నగారి పేరుతో కమాన్ కట్టాలనో, స్టేజీ కట్టాలనో ఉంటుంది. బడి నడిచే రోజున, మధ్యాహ్నం బువ్వ గంట కొట్టే వేళకు వెళ్లండి. ఆడపిల్లల బాత్రూం దగ్గర ఎంతమంది నిలబడ్డారో, లోపల నల్లా తిప్పితే నీళ్లొస్తున్నాయో లేదో చూడండి. హెడ్మాస్టర్‌తోపాటు బడి ఊడ్చే మనిషిని కూడా అడగండి. ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ముప్పై మంది పిల్లలున్న ప్రైమరీ స్కూల్లో ఇంకో గది కడితే అది స్టోర్ రూం అవుతుంది. నా లెక్కలో నీళ్లున్న బాత్రూం మొదటిది, కాంపౌండ్ గోడ రెండోది, గది ఆ తర్వాతే.

తర్వాత కాగితాలు. బడి జాగా ఎవరి పేరు మీద ఉందో తహసీల్ ఆఫీసులో చూపించుకోండి. ఎన్నో ఊళ్లలో ఎప్పుడో ఒక పెద్దమనిషి నోటిమాట మీద ఇచ్చిన జాగాలే బడులయ్యాయి. పునాది తవ్వే రోజున మనవళ్లు వచ్చి అడ్డం నిలబడతారు. సర్వే చేయించి హద్దురాళ్లు పాతించండి. పాఠశాల కమిటీ తీర్మానం, మండల విద్యాధికారి (ఎంఈఓ) ద్వారా జిల్లా విద్యాధికారి (డీఈఓ) అనుమతి, ప్రభుత్వ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) వేసిన ఎస్టిమేట్, ఈ మూడూ చేతికి రాకముందు ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. వచ్చాక కూడా నగదు ఎవరికీ ఇవ్వొద్దు, అన్నీ బ్యాంకు ద్వారానే. సంక్రాంతికి ఈ తిరుగుడు మొదలుపెడితే మార్చి మధ్యలో ఒంటిపూట బడులు వచ్చేసరికి పునాది పని అందుకుంటుంది. జూన్ 12న బడి తెరుస్తారు, అంతలోపు గోడలు, స్లాబు కావాలి.

మీరే పదవిలో ఉంటే ఇంకో మాట. పంచాయతీ పనిలో కాంట్రాక్టు ఉన్నవాడు ఆ పదవికే అనర్హుడని చట్టం. మీ డబ్బుతో మీరే కట్టిస్తున్నా సరే, మీ పాత మేస్త్రీలకో, మీ బావమరిది సిమెంటు షాపుకో పని ఇవ్వకండి. లెక్కంతా రెండు నెలలకోసారి జరిగే గ్రామసభలో చదివి వినిపించండి. నేను సర్పంచ్‌గా ఉన్నప్పుడు నా పాత కంపెనీ వాళ్లు మా ఊరికి ఏదైనా చేస్తామంటే, పక్క మండలానికి పంపించాను. ఆ రోజు ఇంట్లో కొంత గొడవైంది కూడా.

ఇక కట్టుబడి. చెల్క, అంటే ఎర్ర గరప నేలైతే నిశ్చింత. రేగడి అయితే వానకు ఉబ్బి ఎండకు పగుళ్లిస్తుంది, పునాది లోతు ఎంతో ఇంజినీరే చెప్పాలి, మేస్త్రి అంచనా సరిపోదు. మీరు ఊళ్లో ఒక్కరోజే ఉండగలిగితే అది స్లాబు పోసే రోజు అయ్యేటట్టు చూసుకోండి. తెల్లవారక ముందే మొదలుపెట్టించండి, మన ఎండల్లో పది గంటలకల్లా చాలావరకు అయిపోవాలి. సలాకలు అడుగున ఆనకుండా ఎత్తి ఉంచే 20 ఎంఎం సిమెంటు బిళ్లలు, అంటే కవర్ బ్లాకులు, ఉన్నాయో లేదో వంగి చూడండి. కంకర ముక్కలు పెట్టి ఉంటే తీయించండి. అసలు పేచీ నీళ్ల దగ్గర వస్తుంది. మిక్సర్ దగ్గరున్నవాడు "ఇంకో బకెట్ పోస్తే మంచిగ పారుతది సార్" అంటాడు. పారితే వాడికి సుఖం, స్లాబుకు కాదు. ఎం20 అనే గ్రేడు కాంక్రీటు మాలుకు 50 కిలోల సిమెంటు బస్తాకు నీళ్లు 25 లీటర్లు దాటనివ్వకండి, ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. మాలు గట్కలా నిలవాలి, అంబలిలా పారకూడదు. ఆ రోజు మాలు తీసి 150 ఎంఎం క్యూబులు పోయించి, 28 రోజులకు హనుమకొండలో ల్యాబుకు బలం పరీక్షకు పంపండి. ఖర్చు పెద్దగా కాదు, కానీ క్యూబులు పోస్తున్నారని తెలిస్తేనే చేతులు జాగ్రత్తగా కదులుతాయి.

తర్వాత నీళ్లు పట్టడం. స్లాబు మీద మట్టి కట్టలు వేసి నీళ్లు నిలబెట్టాలి. కాంక్రీటు పనుల జాతీయ ప్రమాణం (కోడ్) ప్రకారం బూడిద కలిసిన పీపీసీ సిమెంటుకు కనీసం 10 రోజులు, మన మే నెల ఎండకు నేను 14 అడుగుతాను. ఆ పనికి ఊళ్లోనే ఒకరికి కూలి కట్టి పెట్టండి, కాంట్రాక్టర్ మనిషి మూడోరోజు నుంచి కనబడడు. బీము పొడవు ఆరు మీటర్లు దాటితే కింద సపోర్టులు 21 రోజులదాకా తీయనివ్వొద్దు. సెంట్రింగ్ సామాను కిరాయి పెరుగుతోందని తొందరపెడతారు. ఆ కిరాయి మీరే ఇస్తామని ముందే రాసుకుంటే టెన్షన్ ఉండదు.

నేను గట్టిగా పట్టుబట్టేది మాత్రం దీని తర్వాతి సంగతి. మా పక్క ఊళ్లో ఒక కంపెనీ బడికి నీళ్ల ప్లాంటు పెట్టింది. ఫొటోలు, రిబ్బను, శాలువాలు. ఫిల్టర్ పాడయ్యాక ఎవరు మార్చాలో ఎక్కడా రాసుకోలేదు, ఇప్పుడు అందులో విరిగిన బెంచీలు పేర్చారు. ములుగు జిల్లా పాలంపేటకు వెళ్లి చూడండి. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడి కట్టించి ఊరుకోలేదు, దాని ఖర్చులకు ఊళ్లు రాసిచ్చాడు. ఆ కాలంలో చెరువు చూసుకునేవాడికి దశబంధం అనే ఇనాం కింద భూమి ఉండేది. మనం ఊళ్లు రాసివ్వనక్కర్లేదు. పది లక్షలు పెట్టదలిస్తే ఏడు లక్షలతో కట్టి మూడు లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. 6.5 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 19,500, అంటే నెలకు 1,600 పైచిలుకు. ఫినాయిలు, నల్లా వాషర్లు, తలుపు గడియ, ఏడాదికోసారి మోటారు రిపేరు వెళ్లిపోతాయి. వడ్డీ తీయడానికి హెడ్మాస్టర్‌వి, కమిటీ చైర్మన్‌వి రెండు సంతకాలు ఉండాలి, అసలు మొత్తాన్ని ఎవరూ ముట్టకూడదు. "చిన్నగా కట్టావేంది" అంటారు, అననివ్వండి.

పన్ను మినహాయింపు గురించి క్లుప్తంగా: 80జీ గుర్తింపున్న సంస్థ ద్వారా ఇస్తేనే వస్తుంది, 2,000 దాటిన నగదుకు రాదు, సిమెంటో బెంచీలో ఇస్తే రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలే రాదు. శిలాఫలకం మీ ఇష్టం. వేయిస్తే దాని మీద డిపాజిట్ సంగతి కూడా చెక్కించండి, వచ్చే హెడ్మాస్టర్‌కు తెలుస్తుంది.

అప్పగించే రోజున తాళంచెవులు, మోటారు వారంటీ కార్డు, పైపులు ఎటు పోయాయో గీసిన కాగితం హెడ్మాస్టర్‌కిచ్చి సంతకం తీసుకోండి. కరెంటు మీటరు కాంట్రాక్టర్ పేరు మీద మిగిలిపోకుండా బడి పేరుకు మార్పించండి. ప్రభుత్వ బడులకు 2024లో ఉచిత కరెంటు ప్రకటించారు, మీటరు వేరేవాళ్ల పేరున ఉంటే ఆ లాభం బడికి అందదు.