యూనివర్సిటీ చేత ఓ-1 వీసా వేయించుకోవడం ఎలా?

వీసా స్టాంపింగ్ కోసం ఇండియా వచ్చి, ఆమదాలవలసలో మా ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి వర్క్ వీసాకి లక్ష డాలర్ల ఫీజు అన్న దగ్గర్నుంచి, అమెరికాలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన) చేద్దామనుకునే మన సిక్కోలు, విజయనగరం పిల్లలు అడిగేది ఒకటే: తమ రంగంలో అసాధారణ ప్రతిభ చూపినవాళ్లకిచ్చే ఓ-1 వీసా కుదురుతుందా అని. కుదరొచ్చు. లాటరీ లేదు, ఏటా ఇన్నే అనే లెక్కా లేదు. మొదట మూడేళ్ల వరకు ఇస్తారు, తర్వాత సాధారణంగా ఏడాది చొప్పున పొడిగిస్తారు.

కానీ ఇది మనంతట మనం వేసుకునేది కాదు. ఐ-129 ఫారం, అంటే మన తరఫున పెట్టే వీసా దరఖాస్తు, యూనివర్సిటీయే వేయాలి. ముందు ప్రొఫెసర్‌ని, ఆయన ద్వారా డిపార్ట్‌మెంట్‌ని ఒప్పించి, ఇంటర్నేషనల్ ఆఫీసు దాకా తీసుకెళ్లండి. ఫీజు ఎవరు కడతారో, లాయరు ఎవరో అప్పుడే మెయిల్లో తేల్చుకోండి. మొహమాటపడితే తర్వాత టెన్షన్ మనకే.

అసలు పని సాక్ష్యాలది. నోబెల్ స్థాయి అవార్డుంటే అదొక్కటే చాలు, మనలాంటివాళ్లం ఎనిమిది అర్హతల్లో కనీసం మూడు చూపించాలి. సైన్సువాళ్లు ఎక్కువగా పట్టుకునేవి ఇవి: రాసిన పేపర్లు, ఇతరుల పేపర్లు రివ్యూ చేయడం, ఆ రంగాన్ని ముందుకు నడిపిన సొంత పని. రివ్యూ చేశాక జర్నల్ పంపే థాంక్యూ మెయిల్ కూడా పారేయకండి. చిక్కంతా మూడోదానితోనే. సైటేషన్లు (ఇతరులు తమ పేపర్లలో మన పేపర్ని ప్రస్తావించడం) ఇన్ని అని లెక్క చెబితే సరిపోదు, మీ పద్ధతిని ఎవరు, ఎక్కడ, దేనికి వాడుతున్నారో చూపించాలి, అది కూడా మీతో ఎప్పుడూ పనిచేయని శాస్త్రవేత్త ఉత్తరంలో ఉంటే బరువు. సొంత గైడ్ పొగడక ఏం చేస్తాడు!

మా నాన్న జిల్లా పేజీలో నా గురించి వచ్చిన కటింగ్‌ని లామినేషన్ చేయించి మరీ ఇచ్చారు, లాయరు చూసి పక్కన పెట్టేశాడు. మన గురించి వచ్చిన వార్త కూడా ఆ ఎనిమిదిలో ఒకటే, కానీ అది పెద్ద మీడియాలోనో మన వృత్తి పత్రికలోనో రావాలి, మన పని గురించి ఉండాలి, తేదీ, రాసినవారి పేరు కనిపించాలి. తెలుగు కాగితం ఏది పెట్టినా పూర్తి ఇంగ్లీషు అనువాదం, అనువాదకుడి ధ్రువీకరణ జతచేయాల్సిందే.

పేపర్ల మీద ఇనిషియల్స్, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, టెన్త్ మెమోలో ఇంకో స్పెల్లింగు... మనందరిదీ ఇదే గోల. లాయరుకు ముందే చెప్పేయండి.

తోటి నిపుణుల అభిప్రాయ పత్రం కూడా కావాలి. తొందరుంటే ప్రీమియం ఫీజు కడితే 15 పనిదినాల్లో జవాబొస్తుంది, కాకపోతే ఆ జవాబు ‘ఇంకా ఆధారాలు పంపండి’ అని కూడా ఉండొచ్చు.

నాలాగా జె-1 (ఎక్స్ఛేంజ్ వీసా) మీద వెళ్లి, అది అయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలనే రూల్ ఉన్నవాళ్లు అమెరికాలోనే ఉండి ఓ-1కి మారలేరు, బయటికొచ్చి స్టాంపింగ్ చేయించుకోవాలి. మనకైతే హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికన్ కాన్సులేట్. శ్రీకాకుళం రోడ్‌లో రైలెక్కితే ఒరిజినల్స్ బ్యాగు తలకిందే పెట్టుకోండి.

భార్యకో భర్తకో ఇచ్చే ఓ-3 మీద చదువుకోవచ్చు, ఉద్యోగం మాత్రం చేయకూడదు. ఈ మాట అప్లై చేయకముందే ఇంట్లో అనుకోండి. మేం ఆలస్యంగా అనుకున్నాం, మా ఆవిడ ఇంకా సరిగ్గా మాట్లాడట్లేదు.