కోకోపీట్‌లో టమాటా, మిర్చి ఆకులు పసుపెక్కితే: లక్షణం, కారణం, పరిష్కారం

కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టులో) పెట్టిన టమాటా ఆకు కాస్త రంగు మారగానే చాలామంది ఫొటో తీసి "ఇది ఏ లోపం, ఏం వెయ్యాలి?" అని అడుగుతారు. ఒకరు మెగ్నీషియం అంటారు, ఇంకొకరు ఐరన్ అంటారు, మూడోవాళ్ళు నీళ్ళు ఎక్కువయ్యాయంటారు. అడిగినవాళ్ళు సాయంత్రానికల్లా మూడూ చేసేస్తారు. వారం తర్వాత మొక్క ఇంకాస్త పాడవుతుంది. ఇప్పుడు అసలు కారణం ఏదో, మనం పోసినవాటి వల్ల వచ్చింది ఏదో విడదీయడం కష్టం.

ఫొటోలో కనిపించని నాలుగు అంకెలున్నాయి. మీరు పోసే ద్రావణం (ఎరువు కలిపిన నీళ్ళు) పీహెచ్ (ఆమ్లం, క్షారం కొలత), ఈసీ (మొత్తం లవణాలు ఎంతున్నాయో చెప్పే కొలత). కుండీ అడుగు నుంచి కారిన నీళ్ళ పీహెచ్, ఈసీ. ఇవి చెప్పకుండా లోపం పేరు అడిగితే ఎవరు చెప్పినా ఊహే. ఎన్నిసార్లు చెప్పినా జనం దాటేసేది సరిగ్గా ఈ పనినే. పొట్టు నానబెట్టడం, నాటడం, ఎరువు కలపడం మీకు వచ్చనుకునే మిగతాది రాస్తున్నాను.

ముందు ఆ నాలుగు అంకెలు

మామూలుగా పోసే ద్రావణమే పోయండి. పోసినదాంట్లో పదో వంతు నుంచి ఐదో వంతు వరకు కిందకి కారాలి. ఆ కారినది పట్టి కొలవండి. అసలు ఏమీ కారడం లేదంటే సగం రోగం అక్కడే దొరికింది: లవణాలు బయటకి పోయే దారి లేక లోపలే పేరుకుంటున్నాయి.

పీహెచ్ మీటర్‌ను 4.0, 7.0 ప్రామాణిక ద్రావణాలతో సరిచేసి ఎన్నాళ్ళయిందో గుర్తులేకపోతే ఆ పని ముందు చేయండి. కాగితపు పట్టీలు ఇక్కడ పనికిరావు. మనకి కావలసింది 6.0కి, 6.7కి మధ్య తేడా. ఆ రంగుల్లో అది తేలదు.

పోసేదాని పీహెచ్ 5.8 నుంచి 6.2 మధ్య ఉండాలి, అదీ ఎరువులన్నీ కలిపిన తర్వాత చూసింది. ఈసీ చిన్న మొక్కకి 1.2 నుంచి 1.5, కాపు మీదున్న టమాటాకి 2 నుంచి 2.5 మిల్లీసీమెన్స్. మిర్చికి కొంచెం తగ్గించండి. కారిన నీళ్ళ ఈసీ పోసినదానికన్నా అర పాయింటు ఎక్కువుంటే కంగారు అక్కర్లేదు. ఒక పాయింటు దాటితే లవణాలు పేరుకున్నట్టే. పోసినదానికన్నా తక్కువ వస్తుంటే మొక్క ఆకలితో ఉంది, మోతాదు పెంచండి.

పేరుకున్న లవణాలను ఉత్త నీళ్ళతో కడగకండి. సగం బలంతో కలిపిన ద్రావణం, పీహెచ్ సరిచేసి, కుండీ పరిమాణానికి ఒకటిన్నర నుంచి రెండింతలు నిదానంగా పోయండి. కారే నీళ్ళ ఈసీ దిగాక మళ్ళీ మామూలు మోతాదుకి రండి. ఇంకోటి, కోకోపీట్‌ను మట్టిలాగా ఎండబెట్టి నీళ్ళు పోయకూడదు. ఎండేకొద్దీ లోపల మిగిలిన తడిలో లవణాల గాఢత పెరుగుతుంది. పైన పొడిగా కనిపించినా కింద తడి ఉంటుంది కాబట్టి, కుండీ ఎత్తి బరువు చూడండి.

పసుపు ఏ ఆకుల్లో మొదలైంది?

కింది ముదురు ఆకు మొత్తం ఒకేలా పాలిపోతే నత్రజని. కింది ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్య పసుపెక్కితే మెగ్నీషియం. కింది ఆకుల అంచులు మాడుతుంటే పొటాష్ (పొటాషియం) లోపం కావచ్చు, కానీ కోకోపీట్‌లో దానికన్నా లవణాలు ఎక్కువై అంచులు మాడడమే మామూలు. కారిన నీళ్ళ ఈసీ చూస్తే తేలిపోతుంది. ఈ మూడు పోషకాలనూ మొక్క ముదురు ఆకుల్లోంచి లాగి చిగురుకి పంపుకోగలదు, అందుకే దెబ్బ కిందే కనిపిస్తుంది.

కాల్షియం, ఐరన్ అలా కదలవు, కాబట్టి లోపం చిగురులో బయటపడుతుంది. చిగురాకు పసుపెక్కి సన్న ఈనెలు కూడా పచ్చగా గీతల్లా కనిపిస్తే ఐరన్. చిగురాకు వంకరపోయి, ముడుచుకుని, కొసలు మాడితే కాల్షియం.

ఐరన్ లోపమనుకున్నప్పుడు ఐరన్ కొనే ముందు కారిన నీళ్ళ పీహెచ్ చూడండి. చాలాసార్లు అది 6.5 దాటి ఉంటుంది. కుండీలో ఐరన్ ఉన్నా వేరు తీసుకోలేదు. ఈడీటీఏ (ఐరన్ కరిగే ఉండేలా పట్టి ఉంచే రసాయనం) రూపంలోని ఐరన్ సుమారు పీహెచ్ 6.5 వరకే నిలుస్తుంది, అలాంటిదే అయిన డీటీపీఏ ఇంకాస్త పైకి తట్టుకుంటుంది. బోరు నీళ్ళు వాడేవాళ్ళకి ఈ బెడద ఎక్కువ. ఆ నీళ్ళలో బైకార్బొనేట్లు (పీహెచ్ పెంచే లవణాలు) ఉంటే, పొద్దున 6.0కి దించినా కుండీలో మళ్ళీ పైకి పాకుతుంది. నిమ్మ ఉప్పుతో దించితే ఎక్కువ రోజులు నిలవదు, ఫాస్ఫారిక్ లేదా నైట్రిక్ ఆమ్లం నయం. చేతికి తొడుగులు, కళ్ళకి అద్దాలు లేకుండా మాత్రం ఆ సీసాలు తెరవొద్దు.

19:19:19 ఒక్కటే పోస్తున్నారా?

అయితే ఇంకేమీ వెతకక్కర్లేదు. దాంట్లో నత్రజని, ఫాస్ఫరస్, పొటాష్ 19 శాతం చొప్పున ఉంటాయి, కాల్షియం సున్నా. నత్రజనిలో పెద్ద భాగం సాధారణంగా యూరియా రూపంలో ఉంటుంది. మట్టిలోనైతే సూక్ష్మజీవులు దాన్ని మార్చి మొక్కకి అందిస్తాయి, కొత్త కోకోపీట్‌లో ఆ పని నిదానంగా సాగుతుంది. పైగా అమ్మోనియం పెరిగితే కాల్షియం తీసుకోవడానికి అడ్డు పడుతుంది. మట్టిలో ఏళ్ళ తరబడి బాగా పనిచేసిందన్న మాట నిజమే. మట్టిలో కాల్షియం ముందే ఉంటుంది, ఇక్కడ మీరు పోస్తేనే ఉంటుంది. కాల్షియం నైట్రేట్, మెగ్నీషియం సల్ఫేట్, సూక్ష్మపోషకాలు తోడు లేనిదే కోకోపీట్‌లో పంట లేదు.

అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా కాల్షియం, మెగ్నీషియం లోపం తగ్గట్లేదు

నన్ను బాగా తిప్పలు పెట్టింది ఇదే. లక్షణం ఇలా ఉంటుంది. కొత్త కోకోపీట్. నాటిన రెండు మూడు వారాలకి మొక్క జోరందుకుంటుంది, సరిగ్గా అప్పుడే మధ్య ఆకుల్లో ఈనెల మధ్య పసుపు, చిగురులో వంకర. పోసే ద్రావణంలో కాల్షియం ఉంది, మెగ్నీషియం ఉంది. పీహెచ్ 6.0. కారిన నీళ్ళ ఈసీ కూడా బంగారంలా ఉంది. పక్కనే పాత కోకోపీట్‌లో ఉన్న మొక్క అదే ద్రావణం తాగి నిగనిగలాడుతుంటుంది.

ఆ చివరి మాటే అసలు ఆనవాలు. తేడా ద్రావణంలో లేదు, పొట్టులో ఉంది.

కొబ్బరి పీచు పొట్టులో పుట్టుకతోనే పొటాషియం, సోడియం ఎక్కువ. అవి రెండు రకాలుగా ఉంటాయి. కొంత నీళ్ళలో కరిగి తేలిగ్గా పోతుంది. కొంత పొట్టు రేణువుల మీద రుణావేశం ఉన్న చోట్లకి అతుక్కుని ఉంటుంది. ఎన్ని నీళ్ళతో కడిగినా పోయేది మొదటిది మాత్రమే. రెండోది వదలాలంటే దాన్ని నెట్టి ఆ చోటు ఆక్రమించే ఇంకో అయాన్ (ఆవేశం ఉన్న కణం) రావాలి. కాల్షియానికి, మెగ్నీషియానికి రెండేసి ఆవేశాలు ఉంటాయి కాబట్టి అవి గట్టిగా పట్టుకుంటాయి, పొటాషియం, సోడియం బయటకి వస్తాయి.

అంటే మీరు మొక్క కోసం పోసిన కాల్షియాన్ని ముందు పొట్టు మింగుతోంది. బదులుగా పొటాషియం వదులుతోంది. ఆ పొటాషియం ఎక్కువై, మిగిలిన కాస్త కాల్షియం, మెగ్నీషియం కూడా వేరులోకి పోకుండా అడ్డు తగులుతుంది. దెబ్బ రెండు వైపుల నుంచీ అన్నమాట.

మరి మీటర్ ఎందుకు పట్టుకోలేదు? ఈసీ మీటర్‌కి లవణాల పేర్లు తెలియవు, అన్నిటినీ కలిపి లెక్కేస్తుంది. లోపలికి కాల్షియం వెళ్ళి బయటకి అంతే ఆవేశం ఉన్న పొటాషియం వస్తే అంకె దాదాపు కదలదు. కోకోపీట్ దిమ్మ (గట్టిగా నొక్కి అమ్మే ఇటుక) మీద "కడిగినది, తక్కువ ఈసీ" అని ఉంటే దాని అర్థం కరిగే లవణాలు పోయాయని మాత్రమే. కడగడం వేరు, బఫర్ చేయడం (అతుక్కున్న పొటాషియం, సోడియంలను కాల్షియంతో ముందే నెట్టేయడం) వేరు. అమ్మేవాళ్ళలో కూడా చాలామంది రెండిటినీ ఒకటే అనేస్తారు. "కాల్షియం నైట్రేట్‌లో నానబెట్టారా?" అని సూటిగా అడగండి. తడబడితే మీకు జవాబు దొరికినట్టే.

అనుమానం తీర్చుకోవడానికి ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు, నీటి కఠినత్వం కొలిచే చుక్కల కిట్ చాలు. డిస్టిల్డ్ నీళ్ళలో లీటరుకి 1 గ్రాము కాల్షియం నైట్రేట్ కలపండి. దాని కఠినత్వం సుమారు 470 పీపీఎం దగ్గర వస్తుంది. మంచి నీళ్ళతో బాగా కడిగి పిండిన కొత్త పొట్టు ఒక గిన్నెడు తీసుకుని, దానికి రెండు గిన్నెల ఈ ద్రావణం పోసి, రాత్రంతా ఉంచి, పొద్దున వడకట్టి మళ్ళీ కొలవండి. పిండిన పొట్టులో ఉన్న తడి వల్ల కొంత తగ్గడం సహజం. సగానికి పైగా పడిపోతే మాత్రం ఆ పొట్టు బఫర్ కాలేదు. వడకట్టిన నీళ్ళు గోధుమ రంగులో ఉండి చుక్కల రంగు మార్పు సరిగ్గా కనబడదు. నమూనాను డిస్టిల్డ్ నీళ్ళతో నాలుగింతలు పలచన చేసి, వచ్చిన అంకెను నాలుగుతో హెచ్చించండి.

ఇంకా నాటకపోతే పరిష్కారం సులువు. ముందు మంచి నీళ్ళతో కడిగి ఈసీ దించండి. తర్వాత 5 కిలోల దిమ్మకి 100 నుంచి 150 గ్రాముల కాల్షియం నైట్రేట్, పొట్టంతా మునిగేన్ని నీళ్ళలో కలిపి, కలియబెట్టి, కనీసం 12 గంటలు, వీలైతే రోజంతా ఉంచండి. ఆ నీళ్ళు పూర్తిగా పారబోయండి, వాటిలో వదిలిన పొటాషియం, సోడియం ఉంటాయి. "ఎరువు నీళ్ళు కదా" అని దాచుకుని మళ్ళీ అదే కుండీకి పోసేవాళ్ళున్నారు, అలా చేస్తే చేసిన పనంతా వృథా. ఒకసారి కడిగి, చివరగా మామూలు ఎరువు ద్రావణంతో తడిపి నాటండి. చుక్కల పరీక్షలో ఇంకా బాగా పడిపోతుంటే మరోసారి నానబెట్టండి.

మొక్క ఇప్పటికే కుండీలో ఉంటే లీటరుకి 1 గ్రాము కాల్షియం నైట్రేట్, అర గ్రాము మెగ్నీషియం సల్ఫేట్ విడివిడిగా కరిగించి, మొత్తం నీళ్ళలో కలిపి, పీహెచ్ సరిచేసి వారం పది రోజులు పోయండి. ప్రతిసారీ పోసినదాంట్లో పావు వంతు కిందకి కారాలి. ఆ వారం పొటాష్ ఎక్కువున్న ఎరువు సగానికి తగ్గించండి. పొట్టే వదులుతోంది కాబట్టి మొక్కకి లోటు రాదు. పూత పెంచుతాయని చెప్పే పొటాష్ మందులు ఈ సమయంలో అసలు వద్దు, మంటలో నెయ్యి పోసినట్టే. మెగ్నీషియం పసుపు ఎక్కువుంటే సాయంత్రం పూట లీటరుకి 5 గ్రాముల ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేటే) ఆకుల మీద పిచికారీ చేయండి. కాల్షియం పిచికారీ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు, ఆకు మీద పడింది ఆకులోనే ఉండిపోతుంది.

పాత ఆకు మళ్ళీ పచ్చబడుతుందేమో అని దాన్నే చూస్తూ కూర్చోకండి, మచ్చ పడ్డ ఆకు అలాగే ఉంటుంది. కొత్తగా వచ్చే ఆకులు బాగుంటే పని జరుగుతున్నట్టు.

ఇందులో ఒక తమాషా ఉంది. ఏమీ చేయకుండా కొన్ని వారాలు మామూలు ద్రావణమే పోసినా పొట్టు నెమ్మదిగా కాల్షియంతో నిండి, సమస్య దానంతటదే తగ్గవచ్చు. అప్పటికి మొక్క ఎదుగుదల, మొదటి కాపు పోయి ఉంటాయి. కానీ తగ్గే ముందు రోజు ఏ సీసా మందు కొట్టారో దానికే పేరంతా వస్తుంది. రకరకాల "అద్భుత" టానిక్కుల కీర్తి వెనక ఉన్నది చాలావరకు ఇదే.

డబ్బా అడుగున తెల్లటి మడ్డి

కాల్షియం నైట్రేట్‌ను చిక్కగా సల్ఫేట్లతోనో ఫాస్ఫేట్లతోనో కలిపితే జిప్సం, కాల్షియం ఫాస్ఫేట్ గడ్డకట్టి అడుగున కూర్చుంటాయి. మొక్కకి కాదు, డబ్బాకి ఎరువు వేసినట్టు. చిక్కటి ద్రావణాలు రెండు డబ్బాల్లో వేరుగా పెట్టండి. కలిపేటప్పుడు ఒకటి మొత్తం నీళ్ళలో కలిసిపోయాకే రెండోది పోయండి.

టమాటా కాయ అడుగు నల్లబడితే

ఇది కాల్షియం కాయదాకా చేరకపోవడం. ద్రావణంలో కాల్షియం ఉంటే తప్పు నీళ్ళు పెట్టడంలో ఉంది. ఒకరోజు ఎండగట్టి మర్నాడు ముంచెత్తితే ఇదే జరుగుతుంది, కాల్షియం నీటి ప్రవాహంతోనే కదులుతుంది మరి. కాపు మీద రోజుకి ఒక్కసారి కాకుండా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. నల్లబడ్డ కాయలు తెంపేయండి.

ఇవి అరుదు

బోరాన్, జింక్, మాలిబ్డినం లోపాలు సూక్ష్మపోషకాల మిశ్రమం వాడేవాళ్ళకి దాదాపు రావు, వాటి జోలికి చివర్లో వెళ్ళండి. ఫాస్ఫరస్ లోపమనుకునే ఊదా రంగు చాలాసార్లు చలి వల్లే. మిర్చి ఆకు ముడుచుకుంటే ఎరువు సంచి ముందు కాదు, భూతద్దం ముందు తీయండి. పైకి ముడిస్తే తామర పురుగులు, కిందకి ముడిస్తే తెల్లనల్లి. వాటికి కాల్షియం పోసి లాభం లేదు.

అన్నీ సరిగ్గా ఉండి మొక్క వాడినట్టే ఉంటే కుండీ వంచి వేళ్ళు చూడండి. తెల్లగా ఉండాల్సినవి గోధుమ రంగులోకి మారి, మెత్తబడి, కుళ్ళు వాసన కొడుతుంటే ఎరువుల డబ్బా పక్కన పెట్టి కుండీ అడుగున రంధ్రాలు మూసుకుపోయాయేమో చూడండి.