పూలదారంతో ముక్కు నుంచి మెదడుకి దారి వేయించే పద్ధతి

పొందూరు దగ్గర హైస్కూల్లో బయాలజీ చెప్తున్నాను. వాసన పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద ముక్కూ మెదడూ గీసి, మధ్యన ఒక గీత లాగేసేదాన్ని. అసలు సంగతంతా ఆ గీతలోనే ఉంది. అది కడుపులో ఉండగానే మొదలవుతుంది. పిల్లలు ఆ దారిని సొంత చేతుల్తో వేస్తే తప్ప వాళ్లకి పట్టుబడదు. నేను చేయించే తీరు రాస్తున్నాను, మీ బడిలోనూ చేసి చూడండి.

పెద్ద చిల్లుల జల్లెడ, దబ్బనం, బంకమన్ను ముద్ద, నాలుగు చిన్న మేకులు, పూలు కట్టే దారం ఉంటే చాలు. మొదటిసారి ఊరి మీద అభిమానంతో పొందూరు నూలు తెచ్చాను. వాలుగ చేప దవడతో ఏకిన పత్తి నుంచి తీసిన సన్నటి పోగు అది, పిల్లలు లాగగానే పుటుక్కున తెగింది. పూలదారమే నయం. మూరెడేసి ముక్కలు నలభై కోసి, పది పసుపు నీళ్లలో, పది కుంకుమ నీళ్లలో, పది నీలిమందులో ముంచండి. మిగతా పదీ తెల్లగానే ఉండనివ్వండి. ఇదంతా ముందురోజే చెయ్యాలి, తడి దారం చిల్లుల్లో ఇరుక్కుంటుంది.

ఒక్కో దారం ఒక్కో నాడీకణం. రంగంటే ఆ కణం పెట్టుకున్న వాసన గ్రాహకం, అంటే వాసనని పట్టే ప్రొటీన్. మనకి దాదాపు 400 రకాలు, ఎలుకకి వెయ్యికి పైనే. ఒక్కో కణం వాటిలో ఒక్కదాన్నే పెట్టుకుంటుంది. ఈ గ్రాహకాల జన్యువుల్ని లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ 1991లో బయటపెట్టారు, 2004లో నోబెల్ అందుకున్నారు.

దారాలు పంచేటప్పుడు రంగులు కలగలిపి ఇవ్వండి. ముక్కు లోపలి పొరలో ఒకే రకం కణాలు ఒకచోట గుంపుగా ఉండవు. జల్లెడకి అవతల మన్నుముద్ద పెట్టి, రంగుకొకటి చొప్పున మేకులు గుచ్చండి. ముద్ద ఘ్రాణ లంబిక, అంటే మెదడులో వాసన కబురు ముందుగా చేరే భాగం. మేకు దగ్గర పడే ముడి గ్లోమెరులస్, అంటే ఒకే రకం కణాల పోగులన్నీ కలిసే చోటు. మన ముక్కుపైన కూడా జల్లెడలాంటి చిల్లుల ఎముక ఉంది. కాకపోతే పిండంలో ఈ కణాల పోగులు ముందే దాటిపోతాయి, ఎముక వాటి చుట్టూ తర్వాత గట్టిపడుతుంది. ఈ ముక్క పిల్లలకి చెప్పి తీరాలి, లేకపోతే ఎముకకి చిల్లులు ముందే ఉన్నాయనుకుంటారు.

ఒకేసారి అందరినీ లేవనీయకండి. ముందు రంగుకి ఇద్దరేసి వచ్చి, దారం జల్లెడలోంచి లాగి తమ రంగు మేకుకి కట్టాలి. సరిగ్గా ఇక్కడే మా క్లాసులో వెనక బెంచీ గుంట ఒకర్తి లేచి, "మాకంటే మీరు సెప్తన్నారు టీచర్, ఆటికి దారెవులు సెప్తారు?" అంది. ఆ రోజు నాకెంత సంతోషమైందో! కణం పెట్టుకున్న గ్రాహకానికే ఆ పనిలో వాటా ఉంది. దాన్ని బట్టి పోగు కొస మీద గుర్తులు మారతాయి, ఆ గుర్తుల్ని బట్టి ఒకే రకం పోగులు ఒకచోటికి చేరతాయి.

ఇప్పుడు పసుపు దారం ఇద్దరినీ కావాలని నీలం మేకు దగ్గరికి పంపండి. మీరు కొట్టే గంటే గడువు. అది కొట్టకముందే వాళ్లని సరిదిద్దితే, వెనకొచ్చే పసుపు దారాలన్నీ సరైన చోటికే పోతాయి. గంట కొట్టాక మాత్రం దిద్దడానికి లేదు, వెనకవాళ్లు ముందువాళ్ల దారాన్ని పట్టుకునే పోవాలి. 2014లో ఎలుకల మీద జరిగిన పరిశోధనల్లో కనబడింది ఇదే. పుట్టిన మొదటి వారం లోపు సరిచేస్తే పోగుల దారుల పటం కుదురుకుంది, గడువు దాటాక చేస్తే తప్పు దారే నిలిచిపోయింది. ఈ ఆటకి తొందరపడకండి, రెండుసార్లు ఆడించండి.

దారి పడటం వేరు, వాసన నచ్చడం వేరు. ఈ రెంటినీ పిల్లలు కలిపేస్తారు, మీరు విడదీసి చెప్పాలి. తల్లి తిన్నదాని వాసన ఉమ్మనీటిలోకి చేరుతుంది, బిడ్డ దాన్ని అక్కడే నేర్చుకుంటుంది. నెలలు నిండేటప్పుడు క్యారెట్ రసం తాగిన తల్లుల పిల్లలు, తర్వాత క్యారెట్ కలిపిన ఆహారాన్ని ఇష్టంగా తిన్నారని 2001లో అమెరికాలో చేసిన ఒక అధ్యయనంలో తేలింది. అందుకని నేనిచ్చే ఇంటిపని ఒకటే: "నేను కడుపులో ఉన్నప్పుడు ఏం తిన్నావే అమ్మా?" అని అడిగి రాసుకు రమ్మంటాను. ఎండు రొయ్యలు, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, జీడిపప్పు... చదువుతుంటే క్లాసంతా ఘుమఘుమలే.

పాఠం అయ్యాక జల్లెడని విప్పేయకండి. వాసన కణాలు జీవితాంతం పాతవి పోతూ కొత్తవి పుడుతుంటాయి. మా ల్యాబులో జల్లెడ గోడకి వేలాడుతోంది. ఏటా కొత్త బ్యాచ్ వాళ్లు నాలుగు పాత దారాలు తీసి, పక్క దారాన్ని పట్టుకుని అదే మేకుకి నాలుగు కొత్తవి కడతారు.